నీడకి హాజరు

కొత్త మిరపకాయ జగ్గయ్యపేటలో దిగే ముందు రోజున నాగేంద్రమ్మని బస్సెక్కించి మైలవరం పంపించడం చెన్నకేశవరావు ఇంట్లో ఇరవై మూడేళ్లుగా నడుస్తున్న పద్ధతి. కింద కాయల కొట్టు, వెనక గోడౌను, పైన కాపురం. మాఘమాసం వచ్చేసరికి కింద కాలు పెట్టడానికి చోటు లేకుండా బస్తాలు పేర్చేస్తారు. ఆ ఘాటు ఇంట్లో ఇంకెవరికీ పట్టదు. చెన్నకేశవరావు బస్తా మీద తలపెట్టి గుర్రుపెట్టి నిద్రపోగలడు. కూతురు ప్రసూన తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూచుని ఎక్కాలు వల్లెవేసిన పిల్ల. ఒక్క నాగేంద్రమ్మకే, మొదటి బస్తా గుమ్మం దాటగానే గొంతులో ఈల మొదలవుతుంది, సాయంత్రానికి ఊపిరి అందదు. అందుకని ఆవిడ ఏటా మూడు నెలలు అన్నగారింట్లో ఉండి, ఉగాది వెళ్లాక, గోడౌను కడిగించారన్న కబురు అందాక తిరిగొస్తుంది.

అలవాటైపోయిన సంగతి కాబట్టి దాన్ని ఎవరూ కష్టం కింద లెక్కెయ్యలేదు, నాగేంద్రమ్మ తప్ప. ప్రసూనకి ఆటలమ్మ పోసింది ఆ మూడు నెలల్లోనే. పెద్దమనిషైంది కూడా ఆ మూడు నెలల్లోనే. చిమ్మిలి దంచింది నాయనమ్మ, హారతిచ్చింది ఇరుగుపొరుగు. నాగేంద్రమ్మ నాలుగో రోజున వచ్చి, మూతికి తడిగుడ్డ కట్టుకుని వీధిలో నిలబడి, మేడ మీద కిటికీలోంచి కొత్త పరికిణీ చూపిస్తున్న కూతుర్ని కళ్లారా చూసుకుని, తర్వాతి బస్సుకి వెళ్లిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి ఏడుపొస్తుంది. ఏడిస్తే ఆయాసం వస్తుంది. అందుకని తలుచుకోవడం మానేసింది.

ఎనభై రెండు దసరాకి ప్రసూన నందిగామ నుంచి అత్తగారితో కలిసి వచ్చి నీళ్లోసుకున్న కబురు చెప్పింది. నాగేంద్రమ్మ పట్టరాని సంతోషంతో పంచదార డబ్బా కోసం వంటింట్లోకి పరిగెత్తి, అక్కడ నిలబడి వేళ్లు లెక్కపెట్టుకుంది. ఎలా లెక్కపెట్టినా ఫాల్గుణమే వస్తోంది. తొలికానుపు పుట్టింట్లో జరగాలి. ఫాల్గుణంలో ఈ పుట్టింట్లో అమ్మ ఉండదు.

ప్రసూన అత్తగారు సుబ్బమ్మ మంచి మనిషి. ఆ మంచితనంతోనే మెత్తగా అంది.

"వదినగారూ, మీరేం మొహమాటపడకండి. పురుడు మా ఇంట్లోనే పోసుకుంటాం. మీ ఒంట్లో సంగతి మాకు తెలియందా?"

ఎత్తిపొడుపు అయితే ఎదురు మాట ఒకటి అనొచ్చు. ప్రేమగా అన్న మాట కాబట్టి నాగేంద్రమ్మ నవ్వి, ఆవిడ చేతిలో ఇంకాస్త పంచదార పోసింది. వాళ్లు బస్సెక్కాక మొగుడి ముందుకెళ్లి నిలబడింది.

"ఈసారి నేను మైలవరం వెళ్లను."

"ఊపిరాడకపోతే?"

"ఆడేట్టు చేసుకుంటా."

ఎలా అన్నది ఆవిడకీ తెలియదు. దారి చూపించింది రత్నమణి. సర్కారు ఆస్పత్రిలో నర్సు ఆవిడ, ఊళ్లో సగం మందికి పురుళ్లు పోసిన చెయ్యి. హైస్కూల్లో డ్రిల్లు చెప్పే ఇశ్రాయేలు మాస్టారు సత్రం హాల్లో యోగా క్లాసులు పెట్టారనీ, ఆడవాళ్లకి పొద్దున్నే ఆరున్నరకనీ, ఉబ్బసం వాళ్లని డాక్టరుగారే పంపిస్తున్నారనీ చెప్పింది. తను కూడా నడుంనొప్పికి వెళుతోందట.

చెన్నకేశవరావు విని, ఆలోచించి, బేరం ముగించే గొంతుతో అన్నాడు. "సరే. కాయ దిగాక ఒక్కసారి ఆయాసం వచ్చిందా, నువ్వు మైలవరం, పిల్ల నందిగామ. మళ్లీ మారుమాటాడకూడదు."

నాగేంద్రమ్మ ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. నలభై నాలుగేళ్ల మనిషి. పెళ్లయ్యాక పరాయివాళ్ల ముందు కాళ్లు చాపుకుని కూచున్న పాపాన పోలేదు. స్నానం చేసి వెళ్లాలా, వచ్చి చెయ్యాలా? జరీ అంచు చీర కట్టాలా, నేత చీర కట్టాలా? మొదటిరోజు గురువుగారి దగ్గరికి చేతులూపుకుంటూ ఎలా పోతాం? చివరికి అరడజను అరటిపళ్లు, తమలపాకులు పళ్లెంలో పెట్టుకుంది. పరుచుకోడానికి ఏదైనా తెచ్చుకోమన్నారంటే చెన్నకేశవరావు కొట్లోంచి ఒక గోనె సంచి తీసి, రెండుసార్లు దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూసి ఇచ్చాడు.

"శుభ్రంగా ఉంది. ఏ వాసనా లేదు."

ముప్ఫై ఏళ్లు మిరపకాయల్లో బతికిన ముక్కు అది. ఆ ముక్కు మాట నమ్మడం తప్పని కంగారులో ఆవిడకి తోచలేదు.

హాల్లో పన్నెండుమంది ఆడవాళ్లు. మాస్టారు ఆరడుగుల మనిషి, మెడలో విజిలు. విజిలు వేస్తే తప్ప లోకంలో ఎవరూ మాట వినరని ఆయన నమ్మకం కాబట్టి ఊపిరి పీల్చడానికి ఒక విజిలు, వదలడానికి ఒక విజిలు. పళ్లెం చూసి తికమకపడి, అరటిపళ్లు తీసుకుని కిటికీలో పెట్టారు. నాగేంద్రమ్మ చివరి వరసలో గోనె పరుచుకుంది. చేతులెత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది. ఇంతేనా అనుకుంది. అప్పుడు మాస్టారు భుజంగాసనం అన్నారు. బోర్లా పడుకుని, అరచేతులు నేలకి నొక్కి, తల పైకెత్తాలి. నాగేంద్రమ్మ ఒళ్లు మరిచి గట్టిగా నొక్కింది.

కిందటేటి కాయ పొడి గోనె పోగుల్లోంచి పొగలా లేచింది. ముందు పక్కావిడ తుమ్మింది, తర్వాత ఆ వరస తుమ్మింది, తర్వాత హాలంతా తుమ్మింది. మాస్టారు విజిలు నోట్లో ఉండగా తుమ్మారు, ఆ చప్పుడుకి సత్రం పావురాలన్నీ లేచిపోయాయి. నాగేంద్రమ్మకి మాత్రం తుమ్ము రాలేదు, ఆయాసం వచ్చింది. రత్నమణి ఆవిడని బయటికి నడిపించుకొచ్చి అరుగు మీద కూచోబెట్టి వీపు నిమిరింది. కాస్త కుదుటపడ్డాక నాగేంద్రమ్మ ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చి, ఇక చచ్చినా ఆ గుమ్మం తొక్కనని చెప్పేసింది.

మర్నాడు ఎండ పొడిచాక చెన్నకేశవరావు కాఫీ తాగుతూ అడిగాడు.

"నీ నీడేదే?"

నాగేంద్రమ్మ కాళ్ల కేసి చూసుకుంది. "ఏమో. ముగ్గేస్తున్నప్పుడు ఉందే."

పాలు పొయ్యడానికొచ్చిన బసవమ్మ చెంబు దించుతూ అంది. "ఇందాక సత్రం కేసి పోతా కనపడిందమ్మా. గోడ పక్కగా గబగబా పోతంది. మా గేదె తప్పుకుని దారిచ్చింది."

"ఎప్పుడొస్తానందో?"

"నాకేం చెబుద్దమ్మా."

"క్లాసు ఏడున్నరకి అయిపోతుందిగా, వచ్చేస్తుందిలే," అన్నాడు చెన్నకేశవరావు, గ్లాసు ఆవిడ చేతికిచ్చి కొట్లోకి దిగిపోయాడు.

ఏడు నలభైకి నీడ మెట్లెక్కి వచ్చి, ఏమీ జరగనట్టు నాగేంద్రమ్మ పాదాల దగ్గర అతుక్కుంది. చేత్తో తడిమి చూస్తే నేల అక్కడ కాస్త చెమ్మగా ఉంది. బాగా చెమట పట్టినట్టుంది పాపం.

సాయంత్రం రత్నమణి వచ్చింది.

"మీరు రాకపోయినా మీ నీడ వచ్చిందండీ. నిన్న మీరు పడుకున్న చోటే పడుకుని చక్కగా చేసింది. మాస్టారు హాజరు కూడా వేశారు."

"నీడకి హాజరేంటండీ?"

"నేనూ అదే అడిగా. రిజిస్టర్లో మనిషికనీ నీడకనీ వేరే గళ్లు లేవన్నారు."

ఇలా పది రోజులు జరిగింది. నీడ ఒక్కరోజు నాగా పెట్టలేదు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ఇంట్లో దాని తీరు కూడా మారింది. నాగేంద్రమ్మ కత్తిపీట ముందు నడుం వంచుకుని కూచుంటే, గోడ మీద నీడ మఠం వేసుకుని వెన్ను నిటారుగా పెట్టి కూచునేది. ఆవిడ మెట్టెక్కి రొప్పుతుంటే అది తొణక్కుండా ముందే పైకి చేరి ఎదురుచూసేది. సొంత నీడ ముందు సిగ్గుపడాల్సి రావడం నాగేంద్రమ్మకి కొత్త. దానికి తోడు చెన్నకేశవరావు ఒకనాడు గోడ కేసి, పెళ్లాం కేసి మార్చి మార్చి చూసి, "నీకంటే నీ నీడే పడుచుగా ఉందే," అన్నాడు.

ఆ మాటకి నాగేంద్రమ్మకి ఒళ్లు మండింది. మంట చల్లారాక భయం వేసింది. కార్తీకం సగమైపోయింది. హాజరు నీడకి పడుతోంది, బాగానే ఉంది, ఫాల్గుణంలో ఊపిరి అందాల్సింది తనకి కదా.

పదకొండో రోజున ఉతికిన జంపఖానా చంకన పెట్టుకుని నీడతో పాటు తనూ బయల్దేరింది.

మాస్టారు నీడనీ, ఆవిడనీ చూసి తలాడించారు. "రండమ్మా. మీకు పది పాఠాలు అయిపోయాయి. అవి మీరు అందుకోవాలి."

"నాకేం రాదండీ."

"మీ నీడకి వచ్చుగా. అది ఎక్కడిదాకా వంగితే అక్కడిదాకా మీరు చెయ్యి చాపండి. అందితే సరే. అందకపోతే రేపు."

నాగేంద్రమ్మ యోగా నేర్చుకున్న పద్ధతి అదే. తూర్పు కిటికీల్లోంచి ఎండ పడేది. నీడ ముందుకి వంగి కాలి బొటనవేళ్లు పట్టుకునేది. తనకి మోకాళ్ల దాకానే అందేది. వారానికి మోకాలి కింద బెత్తెడు దూరం, ఇంకో వారానికి ఇంకో బెత్తెడు. మధ్యమధ్య విసుగొచ్చి ఆపితే నీడ కూడా ఆగి, తల ఇటు తిప్పి, కాచుకుని ఉండేది. ఆ కాచుకోవడం చూసి మళ్లీ వంగాల్సి వచ్చేది. పక్క వరస ఆవిడ, వెంకాయమ్మగారని వడ్ల మిల్లు వాళ్లావిడ, రోజూ ఈర్ష్యపడేది. "నా నీడకి బుద్ధి లేదండీ, నేను ఎంత వంకరగా ఉంటే అదీ అంతే వంకర."

శుక్రవారాలు ఒక తంటా ఉండేది. చివర్లో వేసే శవాసనం పేరు వింటే ముత్తయిదువులందరూ లేచి కూచునేవాళ్లు, శుక్రవారం పూట శవాలేంటండీ అని. మాస్టారు రెండు వారాలు వాదించి, మూడో వారం నుంచి శుక్రవారం మాత్రం దాన్ని విశ్రాంతాసనం అన్నారు. అందరూ హాయిగా పడుకున్నారు. చర్చికి పోయే మనిషి మన పద్ధతుల కోసం ఎంత సర్దుకుపోతున్నాడో అని వెంకాయమ్మగారు మెచ్చుకుంది.

ఊపిరి మాత్రం వంగినంత తేలిగ్గా లొంగలేదు. మొదట్లో నాలుగు లెక్కపెట్టేలోపు నాగేంద్రమ్మ గుండెలు ఎగిరిపడేవి. ముక్కుతో లాగమంటే నోటితో లాగేది. మాస్టారు దగ్గరికొచ్చి, విజిలు వెయ్యకుండా, మామూలు గొంతుతో చెప్పారు.

"మీరు ఊపిరిని దొంగతనంగా తీసుకుంటున్నారమ్మా, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఎవరూ లాక్కోరు. నిదానంగా తీసుకోండి. మీదే."

ఇంటికొచ్చి ఆ మాట తలుచుకుంటే నాగేంద్రమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇరవై మూడేళ్లుగా ఆ ఇంట్లో ఆవిడ ఊపిరి తీసుకుంటున్నది అలాగే. మార్గశిరంలో ఆరు దాకా లెక్క సాగింది. పుష్యంలో పది దాకా. అప్పుడప్పుడు కావాలని గోడౌను వెనక తలుపు దగ్గరికి వెళ్లి పాత గోనెల పక్కన నిలబడి లెక్కపెట్టుకునేది.

మాఘంలో కొత్త కాయ దిగింది. తిరువూరు వైపు నుంచి రెండు లారీలు వచ్చాయి. మొదటి బస్తా దించిన చప్పుడు వినపడగానే మేడ మీద నాగేంద్రమ్మ గొంతులో ఈల మొదలైంది. కింద చెన్నకేశవరావు బస్తాలు లెక్కపెట్టడం మానేసి పై కేసి చెవి పెట్టాడు. హమాలీలు ఆగారు. వీధిలో రిక్షావాడు కూడా బెల్లు కొట్టడం ఆపాడు.

నాగేంద్రమ్మ చాప మీద కూచుంది. నీడ అప్పటికే కూచుని ఉంది. దాన్ని చూస్తూ ఆవిడ ఊపిరి లాగింది, వదిలింది. ఈల సన్నగా సాగింది, ఇంకా సన్నమైంది. లాగింది, వదిలింది. గంట తర్వాత చెన్నకేశవరావు పైకొచ్చాడు.

"వచ్చిందా?"

"వచ్చి, చూసి, వెళ్లిపోయింది."

అది వచ్చినట్టా రానట్టా అన్నది షరతు ప్రకారం తేల్చాల్సిన విషయమే. చెన్నకేశవరావు కాసేపు గడ్డం గోక్కుని, ఆ విషయం తేల్చకుండానే కిందకి దిగిపోయాడు. ఆ వారంలోనే మంచిరోజు చూసి ప్రసూనని నందిగామ నుంచి తీసుకొచ్చారు. మేడ మీద వెనక వైపు గది ఖాళీ చేయించారు. సుబ్బమ్మ దిగబెట్టడానికొచ్చి, రెండు రోజులుండి, రోజుకి పదిసార్లు "వదినగారూ, బాగానే ఉన్నారా?" అని అడిగి, బాగానే ఉన్నారని నమ్మకం కుదరక, అవసరమైతే గంటలో కారు పంపిస్తామని చెప్పి వెళ్లింది.

ఫాల్గుణంలో ఒక తెల్లవారుజామున సన్నగా మొదలైన నొప్పులు, మధ్యాహ్నం మూడు దాటాక ప్రసూనకి ఎక్కువయ్యాయి. చెన్నకేశవరావు మనిషిని పంపితే రత్నమణి సంచీ పట్టుకుని వచ్చింది. చెయ్యి పెట్టి చూసి, అంతా సవ్యంగానే ఉంది, కంగారుపడకండి అంది. ఆ సమయానికి కింద మద్రాసు లారీకి లోడు ఎత్తుతున్నారు. నలభై బస్తాలు లాగేసరికి లేచిన ఘాటు మెట్ల మీంచి పైకి పాకింది. చెన్నకేశవరావు లోడు ఆపించాడు గానీ లేచింది లేచింది.

ప్రసూనకి ఘాటు పట్టదు. పట్టింది భయం. ఒక్కో నొప్పికీ గుప్పెళ్లు బిగించి, కళ్లు మూసుకుని, ఊపిరిని తుంపులు తుంపులుగా లాగుతోంది. లాగింది వదలడం లేదు.

"వదులమ్మా, వదులు. లోపల బిడ్డకి అందాలి," అంటోంది రత్నమణి.

"నావల్ల కాదు. నావల్ల కాదమ్మా."

ఆ ఊపిరి నాగేంద్రమ్మకి బాగా తెలుసు. దొంగతనంగా తీసుకునే ఊపిరి. కూతురు దాన్ని తననుంచే నేర్చుకుందని ఆవిడకి తోచింది. మంచం పట్టె పట్టుకుని వంగిపోయింది. గొంతులో ఈల లేచింది, ఈసారి సన్నగా కాదు. రత్నమణి అది విని తలెత్తింది.

"మీరు బయటికి వెళ్లండి నాగేంద్రమ్మగారూ. రిక్షా పిలిపించుకుని కాసేపు ఊరి బయట ఉండి రండి. నేనున్నాగా."

ఆవిడ చెప్పింది సబబే. గుమ్మం నాలుగడుగుల దూరంలో ఉంది. ఊరి బయట గాలి బాగుంటుంది. నాగేంద్రమ్మ గుమ్మం కేసి చూసింది, కూతురి కేసి చూసింది.

"వెళ్లను," అంది. ఆ ఒక్క మాటకే ఊపిరి అయిపోయింది.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, మంచానికి ఎదురుగా ఉన్న గోడంతా వెలుగుతోంది. నాగేంద్రమ్మ మంచం మీదకి వంగే ఉంది. గోడ మీద ఆవిడ నీడ మాత్రం నిదానంగా వెన్ను నిలబెట్టి, మఠం వేసుకుని కూచుంది. దాని భుజాలు మెల్లగా లేచాయి. లేచి, ఆగి, మెల్లగా దిగాయి. హడావిడి లేదు.

ప్రసూన కళ్లు తెరిచింది. "అమ్మా, నీ నీడ..."

"దాన్నే చూడు," అంది నాగేంద్రమ్మ ఆయాసపడుతూ. "అది ఎంతసేపు లాగితే అంతసేపు లాగు. అది వదిలితే వదులు. నన్ను చూడకు."

తల్లీకూతుళ్లిద్దరూ గోడ కేసి తిరిగారు. నీడ లాగింది, ఇద్దరూ లాగారు. నీడ వదిలింది, ఇద్దరూ వదిలారు. మొదటి నాలుగైదు సార్లు కుదరలేదు. ప్రసూన ముందే వదిలేసేది, నాగేంద్రమ్మ మధ్యలో తెగిపోయేది. నీడ కాచుకుని ఉంది. మళ్లీ మొదలుపెట్టింది. కాసేపటికి గదిలో ఒకే ఊపిరి వినపడసాగింది. మంచం మీద పడుకున్న ప్రసూన నీడ కూడా గోడ మీద లేచి, పెద్ద నీడ పక్కన చేరి, దాని భుజానికి తల ఆనించి కూచుంది. రత్నమణి అది ఒక్కసారి చూసి, సరే అనుకుని, తన పని తను చూసుకుంది.

ఎప్పుడో గాని రాని అదృష్టం అది. పక్కన కూచుని కూతురి చెయ్యి పట్టుకున్న ఆ గంటన్నరలో నాగేంద్రమ్మ ఇరవై రెండేళ్ల బాకీ ప్రేమ అంతా తీర్చుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఏడిస్తే ఆయాసం వస్తుందన్న సంగతి గుర్తే లేదు.

అయిదు కావస్తుండగా బిడ్డ బయటపడింది. గుక్కపట్టి, గది అదిరేట్టు, ఏడుపు. అంత చిన్న గుండెల్లోకి అంత గాలి ఎలా పట్టిందో అనిపించే ఏడుపు. ప్రసూన నవ్వింది. రత్నమణి బొడ్డు కోసి, తుడిచి, మెత్తటి పాత పంచెలో చుట్టి నాగేంద్రమ్మ చేతుల్లో పెట్టింది. నాగేంద్రమ్మ దాని మొహం దగ్గరికి మొహం పెట్టి, అది వదిలిన ఊపిరిని కాసేపు పీల్చుకుంది. వెచ్చగా ఉంది.

బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టి వెనక్కి తిరిగితే నీడ వెంట రాలేదు. మంచం పక్కన, గోడ వారగా వెల్లకిలా పడుకుని, చేతులు చెరో పక్కకీ వదిలేసి, కదలకుండా ఉంది. బాగా అలిసిపోయింది. పడుకోనీలే అనుకుని నాగేంద్రమ్మ దాన్ని అక్కడే వదిలేసి మెట్లు దిగింది.

కింద పని ఆగిపోయి ఉంది. లారీ సగం లోడుతో నిలబడి ఉంది. హమాలీలు తలపాగాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. తొడిమలు తీసే ఆడవాళ్లు చేతిలో కాయ చేతిలో పట్టుకుని మేడ కేసి చూస్తున్నారు. పైనుంచి ఏడుపు వినపడి అప్పటికే కాసేపైంది గానీ, మిగతా కబురు తెలియక చెన్నకేశవరావు ఒక బస్తా మీద కూచుని రెండు చేతులూ నలుపుకుంటున్నాడు. పెళ్లాం మెట్లు దిగి రావడం చూసి లేచాడు. ఆవిడ బస్తాల మధ్య నుంచి, రాశిపోసిన ఎర్రటి కొత్త కాయ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చి, కొట్టు మధ్యలో నిలబడింది.

"నువ్విక్కడికి రాకే, పద, బయటికి పద," అన్నాడాయన కంగారుగా.

నాగేంద్రమ్మ కదల్లేదు. నిదానంగా, ముక్కుతో, గుండెల నిండా ఊపిరి తీసుకుంది. అక్కడున్న ఆఖరి మనిషి దాకా వినపడేట్టు చెప్పింది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. నేనూ బాగున్నా."